ఫ్రాంక్ బర్జ్: తొలితరం రగ్బీ లీగ్ ఫార్వర్డ్, కోచ్ – తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రాంక్ బర్జ్ ఎవరు?

సిడ్నీలో రగ్బీ లీగ్ అప్పుడప్పుడే వేళ్లూనుకుంటున్న రోజుల్లో ఆడిన ఫార్వర్డ్, ఆ తర్వాత కోచ్. 1894 ఆగస్టు 14న సిడ్నీలోని డార్లింగ్టన్‌లో పుట్టారు. 1911లో గ్లీబ్ క్లబ్ తరఫున బరిలోకి దిగారు. 1927లో సెయింట్ జార్జ్ క్లబ్‌తో ఆట ముగించారు. సిడ్నీ మొదటి శ్రేణి పోటీల్లో 154 మ్యాచ్‌లు ఆడి 146 ట్రైలు (ట్రై అంటే బంతిని ఎదుటి జట్టు చివరి గీత దాటించి నేలకు ఆనించడం) సాధించారు. ఆస్ట్రేలియాకు 13 టెస్టులు ఆడారు. 1958 జులై 5న, 63 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆట తెలిసినవారు 154, 146 అనే రెండు అంకెలను పక్కపక్కన చూసి ఒక్క క్షణం ఆగిపోతారు. ఎందుకో కింద వివరంగా ఉంది.

ఇది టీవీలో అప్పుడప్పుడూ కనిపించే రగ్బీయేనా?

కాదు. ప్రపంచ కప్పుల్లో, ఒలింపిక్స్‌లో మనం చూసేది రగ్బీ యూనియన్ కుటుంబానికి చెందిన ఆట. రగ్బీ లీగ్ దాని నుంచి విడిపోయి వేరే దారి పట్టిన ఆట. విడిపోవడానికి కారణం కూలి డబ్బు. ఉత్తర ఇంగ్లండ్‌లో గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్లు శనివారం మ్యాచ్ ఆడాలంటే ఆ పూట వేతనం వదులుకోవాల్సి వచ్చేది. పోయిన వేతనాన్ని క్లబ్బులు చెల్లించాలంటే దక్షిణాది పెద్దలు ఒప్పుకోలేదు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై సొంత సంఘం పెట్టుకున్నాయి. దానికి నార్తర్న్ యూనియన్ అని పేరు పెట్టారు.

డబ్బు దగ్గర మొదలైన చీలిక నిబంధనల దాకా వెళ్లింది. టికెట్ కొని వచ్చిన కార్మికుడికి ఆట వేగంగా సాగాలి, బంతి కంటికి కనిపించాలి. అందుకే ముందు లైనవుట్‌ను (మైదానం బయటికి పోయిన బంతిని రెండు జట్ల వరుసల మధ్యకు విసిరే పద్ధతిని) తీసేశారు. 1906లో జట్టుకు 15 మంది బదులు 13 మందిని చేశారు. కిందపడ్డ ఆటగాడి మీద అందరూ గుట్టగా పడే పద్ధతి పోయింది. పట్టుబడిన ఆటగాడు లేచి నిలబడి, బంతిని కాలితో వెనక్కి నెట్టి ఆటను కొనసాగించే పద్ధతి వచ్చింది. పదమూడు మందిలో ఆరుగురు ఫార్వర్డ్‌లు, అంటే స్క్రమ్‌లో (రెండు జట్లవారు భుజాలు ఆనించి బంతి కోసం తోసుకునే చోట) నిలబడేవారు; ఏడుగురు బ్యాక్‌లు, అంటే వారి వెనక ఉండి పరుగెత్తేవారు.

సిడ్నీకి ఈ ఆట ఎలా వచ్చింది?

అక్కడా కారణం డబ్బే. అలెక్ బర్డన్ అనే ఆటగాడు భుజానికి దెబ్బ తగిలి పనికి వెళ్లలేకపోతే రగ్బీ యూనియన్ సంఘం పరిహారం ఇవ్వలేదన్న అసంతృప్తి నగరమంతా పాకింది. 1907 ఆగస్టులో జార్జ్ వీధిలోని ఒక హోటల్‌లో న్యూ సౌత్ వేల్స్ లీగ్ పుట్టింది. దాన్ని నడిపించినవారిలో జేమ్స్ గిల్టినన్‌తో పాటు క్రికెట్ చరిత్ర చదివినవారందరికీ తెలిసిన విక్టర్ ట్రంపర్ కూడా ఉన్నారు. ఆ సొగసైన బ్యాట్స్‌మన్ కార్మికుల ఆట కోసం నిలబడ్డారని తెలిస్తే ఆయన మీద గౌరవం ఇంకాస్త పెరుగుతుంది.

1908 ఏప్రిల్ 20న మొదటి పోటీలు జరిగాయి. వెంట్‌వర్త్ పార్క్‌లో గ్లీబ్ జట్టు న్యూకాజిల్‌ను 8–5తో ఓడించింది. అప్పటికి బర్జ్ వయసు 13.

గ్లీబ్ ఎలాంటి క్లబ్?

కొత్త లీగ్ కోసం సిడ్నీలో ఏర్పడ్డ క్లబ్బుల్లో మొట్టమొదటిది. 1908 జనవరి 9న పుట్టింది. గ్లీబ్ పేట నగరం నడిబొడ్డుకు ఆనుకుని, రేవు పక్కన, ఇరుకు ఇళ్లతో ఉండే కార్మికవాడ. జట్టు చొక్కా ముదురు ఎరుపు. అభిమానులు ఆ జట్టును ‘డర్టీ రెడ్స్’ అని పిలుచుకునేవారు.

ఈ క్లబ్ కథ చదివితే మనసు కలుక్కుమంటుంది. 1911లో పట్టికలో అగ్రస్థానంలో నిలిచి, చివరికి ఈస్టర్న్ సబర్బ్స్ చేతిలో 11–8తో ఓడింది. 1912లో, 1915లో రెండో స్థానమే దక్కింది. 1922 ఫైనల్లో నార్త్ సిడ్నీ చేతిలో 35–3తో చిత్తయింది. ఒక్కసారి కూడా ప్రీమియర్‌షిప్ (లీగ్ టైటిల్) గెలవలేదు. 1929 చివర్లో లీగ్ ఆ క్లబ్‌ను పోటీల నుంచి తీసేసింది. పేటలో ఇళ్ల స్థానంలో ఫ్యాక్టరీలు, గోదాములు వచ్చి జనాభా తగ్గింది. ఏ పేటలో ఉంటే ఆ పేట జట్టుకే ఆడాలన్న నిబంధన వల్ల ఆటగాళ్ల కొరత మరింత పెరిగింది.

బర్జ్ గురించి మాట్లాడేటప్పుడు దీన్ని గుర్తుంచుకోవాలి. సౌత్ సిడ్నీ, ఈస్టర్న్ సబర్బ్స్ లాంటి క్లబ్బులు ఇప్పటికీ ఉన్నాయి. వాటి పాత వీరుల ఫొటోలు క్లబ్ గోడల మీద ఉంటాయి, వాళ్ల పేర్లు ఏటా ఎవరో ఒకరు తలుచుకుంటారు. బర్జ్ తన మంచి రోజులన్నీ ధారపోసిన క్లబ్ ఆయన బతికుండగానే పెద్ద పోటీల నుంచి మాయమైంది. ఆయన పేరు పదే పదే వినిపించకపోవడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం. ఇటీవలి సంవత్సరాల్లో దిగువ శ్రేణి పోటీల్లో గ్లీబ్ పేరు మళ్లీ కనిపించడం సంతోషం కలిగించే విషయం.

కుటుంబంలో ఇంకెవరైనా ఆడారా?

నలుగురు అన్నదమ్ములు గ్లీబ్‌కు ఆడారు: పీటర్, ఆల్బర్ట్, ఫ్రాంక్, లెయిడ్లీ. పీటర్, ఆల్బర్ట్ ముందు రగ్బీ యూనియన్‌లో ఆస్ట్రేలియాకు ఆడి, తర్వాత లీగ్‌లోకి వచ్చారు. పీటర్ 1911–12లో కంగారూ జట్టుతో (పర్యటనకు వెళ్లే ఆస్ట్రేలియా జట్టు పేరు అది) ఇంగ్లండ్ కూడా వెళ్లారు.

ఆ పీటర్ బర్జ్ క్రికెటరేనా? మ్యాచ్ రిఫరీగా కూడా చేశారు కదా?

కాదు, వారు వేరు. క్రికెటర్ పీటర్ బర్జ్ క్వీన్స్‌లాండ్‌కు చెందిన బ్యాట్స్‌మన్. 1932లో పుట్టారు. 1964లో లీడ్స్‌లో 160 పరుగులు చేశారు. 1994లో లార్డ్స్ టెస్టులో మైఖేల్ ఆథర్టన్ జేబులో మట్టి గొడవ జరిగినప్పుడు రిఫరీ ఆయనే. మన దగ్గర ఇంటర్నెట్‌లో ‘బర్జ్’ అని వెతికితే ముందు ఆయనే వస్తారు కాబట్టి ఈ గందరగోళం సహజం.

ఎన్నో ఏట ఆట మొదలుపెట్టారు?

పద్నాలుగో ఏటనే సౌత్ సిడ్నీ తరఫున రగ్బీ యూనియన్ మొదటి శ్రేణి మ్యాచ్ ఆడారు. పదహారో ఏట గ్లీబ్ సీనియర్ జట్టులో చేరారు. మైదానం అంచున, వింగ్‌లో పరుగెత్తే పిల్లవాడైతే ఇది కొంత నమ్మదగినదే. ఫార్వర్డ్ అలా కాదు. స్క్రమ్‌లో ఎదురుగా నిలబడేవారు పాతికేళ్లు, ముప్పై ఏళ్లు దాటిన వాళ్లు, రేవుల్లో బరువులు మోసి రాటుదేలిన వాళ్లు. వాళ్ల భుజాలకు భుజం ఆనించి నిలబడాలంటే పదహారేళ్ల ఒంటికి మామూలు బలం చాలదు.

ఫార్వర్డ్ పని ఏమిటి? ఆయన ఆటలో ప్రత్యేకత ఏమిటి?

ఈ ప్రశ్నకు సమాధానం కాస్త నిదానంగా చెప్పాలి. బర్జ్ కథంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఆనాటి లెక్కలో ఫార్వర్డ్ అంటే బరువు పని చేసేవాడు. స్క్రమ్‌లో తోసి బంతి గెలవాలి, ఎదుటివాళ్లను పట్టి పడగొట్టాలి, బంతి దొరికితే తల వంచుకుని గుంపులోకి దూసుకెళ్లి నాలుగు గజాలు సంపాదించాలి. ట్రైలు చేయడం బ్యాక్‌ల పని. వాళ్లకు వేగం ఉంటుంది, ఖాళీ స్థలం ఉంటుంది. ఫార్వర్డ్‌కు రెండూ ఉండవు. ఒక సీజన్‌లో ఫార్వర్డ్ అయిదారు ట్రైలు చేస్తే గొప్పగా చెప్పుకునేవారు.

బర్జ్ ఈ లెక్కను తిరగేశారు. బలం ఉన్న మనిషే, వేగమూ ఉంది. అంతకంటే ముఖ్యం, బంతి లేనప్పుడు ఆయన ఎక్కడ ఉండేవారన్నది. సహచరుడు బంతితో ముందుకు వెళ్తుంటే, అతను పట్టుబడబోయే క్షణానికి సరిగ్గా చేయి చాచే దూరంలో బర్జ్ ప్రత్యక్షమయ్యేవారు. ఎదుటి జట్టు రక్షణ అప్పటికే బంతి ఉన్నవాడి మీదకు లాగబడి ఉంటుంది. ఆ ఖాళీలో బంతి అందుకున్న బలమైన మనిషి పూర్తి వేగంతో వస్తుంటే ఆపడం అందరికంటే వెనక నిలబడే ఫుల్‌బ్యాక్ ఒక్కడి వల్ల కాదు. ఈ వెన్నంటి ఉండడమే ఆయన విద్య.

స్టాండ్లో కూర్చున్నవారికి ఇది అదృష్టంలా అనిపిస్తుంది. ‘సరిగ్గా అక్కడే ఉన్నాడు’ అంటారు. కానీ పది సార్లు పరుగెత్తితే ఎనిమిది సార్లు బంతి రాదు. ఆ ఎనిమిది పరుగులూ ఎవరికీ కనిపించవు, స్కోరు కార్డులో చేరవు. స్క్రమ్‌లో సగం శక్తి ఖర్చయ్యాక కూడా ఆ పరుగులు మానకుండా ఉండాలంటే ఊపిరి ఉండాలి, ఓర్పు ఉండాలి. ఇవాళ ఏ ప్రొఫెషనల్ జట్టు అయినా ఫార్వర్డ్‌ల నుంచి దీన్ని మామూలుగా ఆశిస్తుంది. నూరేళ్ల కిందట ఒక ఫార్వర్డ్ దీన్నే తన ఆటకు ఆధారం చేసుకున్నారు.

ఒకే మ్యాచ్‌లో ఎనిమిది ట్రైలు నిజమేనా?

నిజం. 1920లో యూనివర్సిటీ జట్టు మీద. సిడ్నీ అగ్రశ్రేణి పోటీల్లో, అంటే ఇప్పటి ఎన్ఆర్ఎల్ (నేషనల్ రగ్బీ లీగ్) దాకా వచ్చిన పరంపరలో, ఒక మ్యాచ్‌లో అత్యధిక ట్రైల రికార్డు అదే. నూరేళ్లు దాటినా చెరగలేదు. అప్పట్లో ట్రైకి మూడు పాయింట్లు, అంటే ట్రైల రూపంలోనే 24 పాయింట్లు. 1935లో ఈస్టర్న్ సబర్బ్స్ ఆటగాడు రాడ్ ఓలోన్ ఏడు దాకా వచ్చి ఆగిపోయారు.

ఎదుటి జట్టు బలహీనమైనదన్న మాట నిజమే. విద్యార్థుల జట్టు, లీగ్‌లో చేరింది కూడా ఆ సంవత్సరమే. కానీ ఆ తర్వాత శతాబ్దంలో బలహీన జట్లు ఎన్నో వచ్చాయి, వాటి మీద ఆడిన మహావేగపు వింగర్లు ఎందరో ఉన్నారు. వాళ్లలో ఒక్కరూ ఎనిమిదికి చేరలేదు. చేరినది ఒక ఫార్వర్డ్.

154 మ్యాచ్‌ల్లో 146 ట్రైలు అంటే ఎంత గొప్ప?

పోలిక చూడండి. కెన్ ఇర్విన్ అనే వింగర్ 236 మ్యాచ్‌ల్లో 212 ట్రైలు చేసి దశాబ్దాల పాటు రికార్డు నిలబెట్టుకున్నారు. మ్యాచ్‌కు సగటున 0.90. బర్జ్ సగటు 0.95. ట్రైలు చేయడమే పనిగా ఉన్న మహా వింగర్ కన్నా స్క్రమ్‌లో తోసే మనిషి సగటు ఎక్కువ.

ఫార్వర్డ్‌ల మొత్తం ట్రైలలో బర్జ్‌ను దాటడానికి స్టీవ్ మెన్జీస్ రావాల్సి వచ్చింది. అంటే ఆ రికార్డు ఏడు దశాబ్దాలకు పైగా నిలిచింది. మెన్జీస్ 349 మ్యాచ్‌ల్లో 180 ట్రైలు చేశారు. ఆయనా అసాధారణ ఆటగాడే, ఆయన కాలంలో రక్షణ పద్ధతులు చాలా పటిష్ఠంగా ఉండేవి. కాబట్టి ఇద్దరిలో ఎవరు ఎక్కువ అని తూకం వేయడం నాకు ఇష్టం లేదు. మ్యాచ్‌ల సంఖ్య మాత్రం ఒకసారి చూడండి.

1918 ఒక్క సీజన్‌లోనే బర్జ్ 24 ట్రైలు చేశారు.

యుద్ధకాలంలో మంచి ఆటగాళ్లందరూ సైన్యంలో ఉంటే ట్రైలు చేయడం తేలికే కదా?

అడగదగిన ప్రశ్నే. మొదటి ప్రపంచ యుద్ధంలో రగ్బీ యూనియన్ పెద్ద పోటీలను ఆపేసింది. లీగ్ మాత్రం కొనసాగింది. కుర్రాళ్లు సరిహద్దుల్లో చస్తుంటే ఇక్కడ ఆటలా అని విమర్శలు గట్టిగానే వచ్చాయి. ఎందరో ఆటగాళ్లు సైన్యంలో చేరారు, కొందరు తిరిగి రాలేదు. కాబట్టి 1915 నుంచి 1918 వరకు పోటీ స్థాయి కొంత తగ్గిందనడం న్యాయమే.

అయితే సందేహం తీర్చే సాక్ష్యం యుద్ధం తర్వాతి ఆటలో ఉంది. 1921–22లో కంగారూ జట్టు ఇంగ్లండ్ వెళ్లింది. బురద మైదానాలు, చలి, పుట్టుకతోనే ఈ ఆట ఆడే గని కార్మికుల జట్లు. అక్కడ బర్జ్ 23 మ్యాచ్‌ల్లో 33 ట్రైలు చేశారు. ఆ పర్యటనలో ఆయన కంటే ముందున్నది ఇద్దరే: సెసిల్ బ్లింక్‌హార్న్ 39, హెరాల్డ్ హోర్డర్ 35. ఇద్దరూ వింగర్లు, ఇద్దరూ నార్త్ సిడ్నీ వారు. 1922 ఫైనల్లో గ్లీబ్‌ను చిత్తు చేసినదీ ఆ నార్త్ సిడ్నీయే. ఇంగ్లండ్ పర్యటనలో ఈ స్థాయిలో ట్రైలు చేసిన ఫార్వర్డ్ చరిత్రలో మరొకరు లేరు.

ఆస్ట్రేలియా తరఫున ఆయన రికార్డు ఎలా ఉంది?

1914లో, పందొమ్మిదేళ్ల వయసులో, ఇంగ్లండ్ మీద టెస్టు జట్టులోకి వచ్చారు. ఆ సిరీస్ ఒక విచిత్రం. మూడు టెస్టులూ ఎనిమిది రోజుల్లో ముగిశాయి: జూన్ 27, జూన్ 29, జులై 4. మూడో టెస్టులో హెరాల్డ్ వాగ్‌స్టాఫ్ నాయకత్వంలోని ఇంగ్లండ్ జట్టు గాయాల వల్ల పది మందికి పడిపోయి కూడా 14–6తో గెలిచి సిరీస్ దక్కించుకుంది. రగ్బీ లీగ్ అభిమానులు ఇప్పటికీ కథలుగా చెప్పుకునే మ్యాచ్ అది.

ఆ నెల తిరగకుండానే యూరప్‌లో యుద్ధం మొదలైంది. అయిదేళ్ల పాటు టెస్టులు లేవు. బర్జ్ ఇరవై ఏళ్ల నుంచి ఇరవై నాలుగేళ్ల దాకా ఒక్క టెస్టు కూడా ఆడలేదంటే కారణం అదే. ‘పదమూడు టెస్టులేనా’ అని పెదవి విరిచేవారు ఈ సంగతి గమనించాలి.

1920లో ఇంగ్లండ్ జట్టు వచ్చినప్పుడు ఆస్ట్రేలియా 2–1తో యాషెస్ (క్రికెట్‌లో లాగే ఈ ఆటలోనూ ఈ రెండు జట్ల టెస్టు సిరీస్‌కు అదే పేరు) గెలిచింది. సొంతగడ్డ మీద అది తొలి యాషెస్ విజయం. బర్జ్ ఆ జట్టులో ఉన్నారు. మరుసటి పర్యటనలో ఆస్ట్రేలియా మొత్తం 36 మ్యాచ్‌లు ఆడి 27 గెలిచింది. కానీ టెస్టు సిరీస్ చేజారింది: లీడ్స్‌లో 5–6తో ఓటమి, హల్‌లో 16–2తో గెలుపు, సాల్‌ఫర్డ్‌లో 0–6తో ఓటమి. మొదటి టెస్టు ఒక్క పాయింటు తేడాతో పోవడం ఆ జట్టును చాలా కాలం వేధించి ఉంటుంది.

‘ప్రొఫెషనల్’ అంటే ఆటతోనే బతికేవారా?

లేదు. ఆటకు డబ్బు పుచ్చుకోవడం తప్పు కాదన్నంతవరకే ఆ మాటకు అర్థం. మ్యాచ్ ఆడినందుకు కొంత, కోల్పోయిన వేతనానికి కొంత, గాయమైతే పరిహారం, విదేశీ పర్యటనలో వారానికి భత్యం, లాభం వస్తే వాటా. వారమంతా వేరే ఉద్యోగం, సాయంత్రాలు సాధన, శనివారం మ్యాచ్.

ఆటగాళ్లకూ లీగ్‌కూ మధ్య అంతా సవ్యంగా ఉండేదనీ అనుకోకండి. 1917లో ఒక ఆటగాడి నివాసం విషయమై గ్లీబ్‌కు లీగ్‌తో గొడవ వచ్చింది. గ్లీబ్ ఆటగాళ్లు సమ్మె చేసి మ్యాచ్ ఆడడానికి నిరాకరించారు. లీగ్ వాళ్లను సస్పెండ్ చేసింది. కార్మికుల హక్కు కోసం పుట్టిన సంస్థే పదేళ్లకు కార్మికుల మీద అదే కర్ర ఎత్తింది. ఈ విషయంలో నా సానుభూతి పూర్తిగా గ్లీబ్ ఆటగాళ్ల వైపే.

కోచ్‌గా ఎప్పుడు మారారు?

1927లో సెయింట్ జార్జ్ ఆయన్ను కెప్టెన్-కోచ్‌గా తీసుకుంది. ఆ క్లబ్ లీగ్‌లోకి వచ్చి అప్పటికి ఆరేళ్లే. ఒక్కసారి కూడా ఫైనల్ మొహం చూడలేదు. బర్జ్ వచ్చిన మొదటి సంవత్సరమే ఫైనల్ చేరింది. ముప్పై రెండేళ్ల వయసులో ఆయనే 16 మ్యాచ్‌లు ఆడి తొమ్మిది ట్రైలు చేశారు. ఫైనల్లో సౌత్ సిడ్నీ 20–11తో గెలిచింది. ఆ సౌత్ సిడ్నీ 1925 నుంచి 1929 వరకు వరుసగా అయిదు ప్రీమియర్‌షిప్‌లు గెలిచిన జట్టు కాబట్టి, ఆ ఓటమిలో తలవంపు ఏమీ లేదు.

దాంతో ఆయన ఆట ముగిసింది, శిక్షణ కొనసాగింది.

ఆ రోజుల్లో కోచ్ ఏం చేసేవారు?

ఇప్పటిలా వీడియో విశ్లేషకులు, ఫిట్‌నెస్ నిపుణులు, పోషకాహార సలహాదారులు ఎవరూ లేరు. వారానికి రెండు మూడు సాయంత్రాలు, పని దిగి అలసిపోయి వచ్చిన మనుషులు. వాళ్లతో పరుగులు పెట్టించాలి, స్క్రమ్ సాధన చేయించాలి, ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పాలి. చాలాసార్లు కోచే కెప్టెన్. అంటే తాను చెప్పింది శనివారం తానే చేసి చూపించాలి.

నిబంధనలు కూడా కోచ్ ఆలోచనను మలిచాయి. అప్పట్లో టాకిల్స్‌కు (బంతి ఉన్నవాణ్ని పట్టి ఆపడానికి) పరిమితి లేదు. 1967లో నాలుగు టాకిల్స్ నిబంధన, తర్వాత ఆరు టాకిల్స్ నిబంధన వచ్చేదాకా, బంతి జారవిడవనంత కాలం ఒక జట్టు దాన్ని తన దగ్గరే ఉంచుకోవచ్చు. మన కబడ్డీలో కూతకు వెళ్లినవాడికి గడియారం లేకపోతే ఆట ఎలా ఉంటుందో ఊహించండి. అలాంటి ఆటలో స్క్రమ్‌లో బంతి గెలవడం, గెలిచాక సహచరుడికి అందుబాటులో ఉండడం, చివరి పది నిమిషాల్లో కాళ్లు నిలబడడం, ఈ మూడే నిర్ణయాత్మకం. బర్జ్ ఆటగాడిగా ఆరితేరినవి సరిగ్గా ఇవే. వేగం నేర్పితే వచ్చేది కాదు. ఎప్పుడు ఎవరి వెనక పరుగెత్తాలన్నది నేర్పవచ్చు.

సెయింట్ జార్జ్ కాకుండా ఇంకెవరికి కోచ్‌గా చేశారు?

సిడ్నీలో మరికొన్ని క్లబ్బులకు చేశారు. వాటిలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది 1936లో కాంటర్‌బరీ-బ్యాంక్స్‌టౌన్‌లో గడిపిన సంవత్సరం.

ఆ క్లబ్ అంతకుముందు ఏడాదే లీగ్‌లో అడుగుపెట్టి కోలుకోలేని దెబ్బలు తింది. సెయింట్ జార్జ్ చేతిలో 91–6, ఈస్టర్న్ సబర్బ్స్ చేతిలో 87–7. మొదటిది ఇప్పటికీ ఆ పోటీల్లో అతిపెద్ద విజయంగా నమోదై ఉంది. అలాంటి జట్టును చేపట్టడానికి ఒప్పుకోవడమే ధైర్యం. బర్జ్ చేతిలో ఆ జట్టు మరుసటి ఏడాదే సెమీఫైనల్ దశకు చేరింది. 1938లో జిమ్మీ క్రెయిగ్ ఆధ్వర్యంలో మొదటి ప్రీమియర్‌షిప్ గెలిచింది. ఆ కప్పులో బర్జ్ వాటా ఎంత అని కొలవలేం. నేలకరిచిన జట్టుకు నిలబడడం నేర్పిన ఏడాది మాత్రం 1936.

మరి కోచ్‌గా ప్రీమియర్‌షిప్‌లు గెలిచారా?

కోచ్‌గా ఆయన పేరు పెద్ద కప్పులతో ముడిపడి లేదు. ఆ విషయంలో ఆయన సమకాలికుడు ఆర్థర్ హాలోవే చాలా ముందున్నారు. 1908లో గ్లీబ్‌లోనే ఆట మొదలుపెట్టిన ఈ హాఫ్‌బ్యాక్, 1935 నుంచి 1937 వరకు ఈస్టర్న్ సబర్బ్స్‌ను వరుసగా మూడుసార్లు విజేతగా నిలిపారు. అయితే హాలోవే చేతిలో అప్పుడు డేవ్ బ్రౌన్ లాంటి మేటి ఆటగాళ్లున్న జట్టు ఉంది. బర్జ్‌కు 1927లోనూ, 1936లోనూ దక్కినవి ఇంకా గెలవడం అలవాటు కాని జట్లు. కోచ్‌లను కప్పుల సంఖ్యతోనే కొలవడం నాకు సమ్మతం కాదు.

ఆయనకు ఎలాంటి గుర్తింపు దక్కింది?

ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. 2008లో ఆట శతజయంతి సందర్భంగా ప్రకటించిన ‘శతాబ్దపు జట్టు’లోని 17 మందిలో ఆయన ఒకరు. ఆ 17 మందిలో రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఆడినవారు ఇద్దరే. ఒకరు డాలీ మెసెంజర్, మరొకరు బర్జ్. మెసెంజర్ లేకపోతే సిడ్నీలో ఈ ఆటే నిలదొక్కుకునేది కాదంటారు, కాబట్టి ఆయన పేరు తప్పనిసరి. బర్జ్‌ను ఎంచుకున్నవారిలో ఒక్కరు కూడా ఆయన ఆట ఉచ్ఛస్థితిని కళ్లారా చూసి ఉండే అవకాశం దాదాపు లేదు. రాతల్లో, అంకెల్లో మిగిలిన ఆటే ఆయన్ను ఆ జట్టులో నిలబెట్టింది.

‘చంకీ’ అనే ముద్దుపేరు ఆయనదేనా?

అవును, ఆయనదే.

తెలుగువారికి ఈ ఆటతో సంబంధం ఉందా?

ఇండియాలో రగ్బీ లీగ్ దాదాపు లేదు. 2025లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ జట్టు ఉంది కానీ, అది ఏడుగురు ఆడే రగ్బీ సెవెన్స్. యూనియన్ వైపు ఆట.

సంబంధం ఉన్నది సిడ్నీలో. పరమట్టా, వెస్ట్‌మీడ్ చుట్టుపక్కల పెద్ద సంఖ్యలో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. అవి రగ్బీ లీగ్‌ను ప్రాణంగా చూసుకునే ప్రాంతాలు. బడిలో పిల్లలు ఆ ఆట మాటలతోనే ఇంటికి వస్తారు, తల్లిదండ్రులకు క్రికెట్ తప్ప మరొకటి తెలియదు.

మా పిల్లవాడు ఫార్వర్డ్‌గా ఆడుతున్నాడు. బర్జ్ ఆటలో వాడికి పనికొచ్చేది ఏమైనా ఉందా?

ఉంది. వాడు ఆడే తదుపరి మ్యాచ్‌లో బంతి వాడి చేతిలో ఉన్నప్పుడు కాకుండా, లేనప్పుడు చూడండి. పక్కవాడు బంతితో పరుగెత్తగానే వాడు నిలబడి చూస్తున్నాడా, వెంట కదులుతున్నాడా? సాధనలో ముగ్గురు పిల్లల్ని తీసుకోండి. ఒకరు బంతితో పరుగెత్తాలి, ఒకరు అడ్డుకోవాలి, మూడోవాడు బంతి ఉన్నవాడికి ఒకటి రెండు గజాలు వెనగ్గా, చేయి చాచితే అందే దూరంలో రావాలి. ముందుకు వస్తే బంతి అందుకోవడం నిబంధనల ప్రకారం చెల్లదు, మరీ వెనకబడితే ఖాళీ మూసుకుపోతుంది. బంతి ఇవ్వాలా వద్దా అన్నది మొదటివాడి ఇష్టానికి వదిలేయండి. బంతి రాకపోయినా మూడోవాడు ప్రతిసారీ పూర్తి వేగంతో రావాలి. స్థానాలు మార్చుకుంటూ పావుగంట చేయిస్తే చాలు.